ఆరేళ్ల తర్వాత వావ్‌లోకి మళ్లీ వెళ్లాలా, వద్దా? (పాత గిల్డ్ పిలుస్తోంది)

మంత్రదండం
శుక్రవారం రాత్రి 11:52

అందరికీ నమస్కారం. ఇక్కడ చదివి పోవడమే తప్ప నేను రాసింది తక్కువ. నాలుగు రోజులుగా ఒక విషయం తేలక గోడ మీద పిల్లిలా కూర్చున్నాను, అందుకే రాస్తున్నా.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ (వావ్) అనే ఆన్‌లైన్ ఆటని 2009 నుంచి 2019 దాకా ఆడాను. లిచ్ కింగ్ ఎక్స్‌పాన్షన్ (ఆటకి అదనంగా వచ్చే కొత్త భాగం) రోజుల్లో మొదలుపెట్టి, బ్యాటిల్ ఫర్ అజెరాత్ ఎక్స్‌పాన్షన్ మధ్యలో ఆపేశాను. మొదటి నుంచీ ప్రీస్ట్ క్యారెక్టరే, మొదటి నుంచీ హీలర్‌నే, అంటే జట్టువాళ్ల ప్రాణం నిలిపే పని. వారానికి మూడు రాత్రులు రెయిడ్, అంటే గుంపుగా వెళ్లి బాస్‌లనే పెద్ద శత్రువుల్ని పడగొట్టడం.

ఆపేయాలనిపించిన రాత్రి బాగా గుర్తుంది. జైనా అనే బాస్‌తో ఫైట్. మూడు వారాలుగా తలలు బాదుకుంటున్నాం. ఆ రాత్రి ఓడింది. వాయిస్‌లో ఇరవై మంది ఒక్కసారిగా అరిచారు. నేనూ అరిచాను. కానీ లోపల అనిపించింది మాత్రం, "హమ్మయ్య, గురువారం పదింటికల్లా పడుకోవచ్చు" అని. బాస్ పడితే సంతోషం రావాలి గానీ ఈ హమ్మయ్య ఏమిటి అనుకున్నా. ఆ తర్వాత కొద్ది రోజులకు మా గిల్డ్ (కలిసి ఆడే జట్టు) చాట్‌లో "రెండు వారాలు బ్రేక్, వచ్చేస్తా" అని రాసి లాగౌట్ అయ్యాను. అంతే.

మొన్న సోమవారం డిస్కార్డ్‌లో పాత రెయిడ్ లీడర్ నుంచి మెసేజ్. "పది మందిమి పోగయ్యాం. హీలర్ ఒక్కడే ఉన్నాడు. నీ రెండు వారాలు అయ్యాయా?"

చదివి గట్టిగా నవ్వాను. తర్వాత అరగంట ఏ పనీ చేయలేకపోయాను. ఇప్పుడు ఉద్యోగం వేరు, నాలుగేళ్ల పాప ఉంది, తొమ్మిదిన్నరకి గానీ పడుకోదు. మూడు రాత్రులు అసలు కుదరదు. అయినా రోజూ ఆ మెసేజ్ తెరిచి చూస్తున్నా, జవాబు మాత్రం ఇవ్వలేదు. వెళ్లి వెనక్కి వచ్చినవాళ్లు, వెళ్లి అక్కడే ఉండిపోయినవాళ్లు, అసలు వెళ్లనివాళ్లు... ఎవరి అనుభవం ఏమిటో చెప్పండి.


పాత_ట్యాంకు
శనివారం ఉదయం 7:15

ముందు ఆ రెయిడ్ లీడర్‌కి ఒక దండం. ఆరేళ్లు ఆ డైలాగ్ దాచుకుని ఉంటాడు.

నేను వెళ్లొచ్చినవాణ్ణి. 2019 ఆగస్టులో వావ్‌ని పాత రూపంలోనే మళ్లీ క్లాసిక్ పేరుతో తెరిచినప్పుడు సెలవు పెట్టి మరీ కూర్చున్నా. లాగిన్ క్యూలో గంటలు పోయాయి, అయినా పట్టలేని సంతోషం. మొదటి ఊళ్లో ఒక క్వెస్ట్ రాక్షసుణ్ణి చంపడానికి జనం వరుసలో నిలబడ్డారు! ఎవరూ చెప్పలేదు, వాళ్లంతట వాళ్లే. నా వంతు వచ్చేదాకా ముందున్న ఇద్దరితో కబుర్లు. ఇదే కదా నేను పోగొట్టుకున్నది అనుకున్నా.

మూడో నెలకి అసలు సంగతి తెలిసింది. ఒరిజినల్ ఆట 2004 నవంబరులో మొదలైతే, మోల్టెన్ కోర్ రెయిడ్‌లో చివరి బాస్ రాగ్నరోస్‌ని తొలిసారి ఎవరైనా పడగొట్టింది 2005 ఏప్రిల్‌లో. ఐదు నెలలు. క్లాసిక్‌లో వారం తిరక్కుండానే పడ్డాడు. అదే కొలిమి, అదే సుత్తి, అదే నలభై మంది. మనకే అన్నీ ముందే తెలిసిపోయాయి. రెయిడ్‌కి ముందు ఊరూరా తిరిగి వరల్డ్ బఫ్‌లు (కొంతసేపు బలం పెంచే వరాలు) పోగేసుకునేవాళ్లం. చస్తే అవి పోతాయి కాబట్టి, రెయిడ్ టైమ్ దాకా లాగౌట్ అయి కూర్చునేవాళ్లం. అంటే ఆడటానికి వెళ్లి, ఆట పాడవకుండా ఆడకుండా కూర్చోవడం అన్నమాట.

నీది క్లాసిక్ కేసు కాదనుకో, మామూలు వావ్‌లోకే పిలుస్తున్నారు. కానీ ఒకటి అడుగుతా. నీకు గుర్తొస్తున్నది ఆటా, ఆ వయసా?


ఎర్రపిట్ట
శనివారం ఉదయం 9:40

నాది ఫైనల్ ఫాంటసీ 14. ఐదుసార్లు మానేసి ఐదుసార్లు వచ్చాను, సిగ్గేమీ లేదు. ఆ ఆట నడిపే నవోకి యోషిడానే బహిరంగంగా చెప్పాడు, కంటెంట్ అయిపోతే వెళ్లి వేరేవి ఆడుకోండి, కొత్త ప్యాచ్‌కి రండి అని. మానేయడాన్ని ద్రోహంలా చూడని ఆటలోకి తిరిగి రావడం తేలిక.

అక్కడ కూడా ఒక మెలిక ఉందనుకోండి. ఇల్లు. ఆటలో ఇంటి స్థలాలు తక్కువ, లాటరీలో రావాలి. నలభై అయిదు రోజులు ఆ ఇంట్లో అడుగు పెట్టకపోతే కూల్చేస్తారు. నాకు ఆ రూల్ తెలుసు. తెలిసీ ఒకసారి మూడు నెలలు వెళ్లలేదు, తప్పు పూర్తిగా నాదే. వచ్చి చూస్తే నా తోట ఉన్నచోట ఎవరిదో పెద్ద గుమ్మడికాయ ఆకారపు ఇల్లు. ఆ కంచె ముందు పది నిమిషాలు నిలబడ్డాను. లోపలి నుంచి ఆ ఇంటామె బయటికొచ్చి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. ఏం చెబుతాం?

విచిత్రం ఏమిటంటే, ఆ తర్వాతే నాకు ఆట హాయిగా ఉంది. ఇల్లు ఉన్నప్పుడు దాన్ని నిలబెట్టుకోవడానికి లాగిన్ అయ్యేదాన్ని. ఇప్పుడు ఆడాలనిపిస్తేనే అవుతున్నా.

మంత్రదండం గారూ, మిమ్మల్ని వావ్‌లో పట్టి ఉంచింది ఏమిటో ముందు అది చూసుకోండి.


లెక్కల_మనిషి
శనివారం ఉదయం 10:05

మొత్తం ఎంతసేపు ఆడావో చెప్పే ప్లేయ్డ్ కమాండ్ ఎంత చూపించింది? అది లేకుండా ఈ థ్రెడ్‌లో సలహాలన్నీ గాల్లో మాటలే.


మంత్రదండం
శనివారం మధ్యాహ్నం 1:20

చివరి రోజు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా, ఎందుకో. ప్రీస్ట్ ఒక్కదాని మీదే 187 రోజుల 4 గంటలు. మిగతా క్యారెక్టర్లవి చూడలేదు. చూసే ధైర్యం లేదు.

@పాత_ట్యాంకు అన్నా, వయసు అంటే ఒప్పుకోను. నాకు ఇరవై అయిదులో ఉన్న మిగతా సంగతులేవీ గుర్తు రావట్లేదు. ఆ మంగళవారాలే గుర్తొస్తున్నాయి.


లెక్కల_మనిషి
శనివారం మధ్యాహ్నం 1:48

187 రోజుల 4 గంటలంటే 4,492 గంటలు. పదేళ్లకు పంచితే ఏడాదికి 449, వారానికి ఎనిమిదిన్నర పైచిలుకు. ఇంతేనా అనిపిస్తోంది కదూ? వారానికి ఎనిమిదిన్నర గంటలు టీవీ చూసేవాణ్ణి ఎవరూ ఏమీ అనరు.

కానీ ఈ సగటు మోసం చేస్తుంది. మూడు రెయిడ్ రాత్రులున్న వారాల్లో నీది ఎనిమిది అయ్యుండదు, ఇరవై అయ్యుంటుంది. పైగా లాగిన్ అయి లేని గంటలు ఇందులో రావు. ఆఫీసులో కూర్చుని బాస్ వీడియోలు చూడటం, లాగ్‌లు చదవడం, రేపు ఎవరు రారో అని టెన్షన్ పడటం. ఆట బయట ఆడే ఆట అది. దానికి కమాండ్ లేదు.

ఇంకో సంగతి, ఇది అందరికీ తెలియాలి. వావ్ బీటాలో, అంటే విడుదలకు ముందు పరీక్ష దశలో, ఎక్కువసేపు ఆడితే అనుభవం పాయింట్లు సగానికి పడిపోయేవి. జనం తిట్టారు. డెవలపర్లు ఏం చేశారు? అంకెలు దాదాపు అలాగే ఉంచి పేరు తిప్పారు. మామూలుగా వచ్చే దాన్ని 200 శాతం అన్నారు, అలిసిపోయాక వచ్చే దాన్ని 100 అన్నారు. "విశ్రాంతి తీసుకున్నందుకు బోనస్" అయిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. రెస్టెడ్ ఎక్స్‌పీ పుట్టుక అది. సత్రంలో లాగౌట్ అయితే వచ్చే నీలం గీత గుర్తుందా, అదే. మనకి పిలుపులా అనిపించేది కొన్నిసార్లు గీత రంగు మాత్రమే.


గవ్వ
శనివారం సాయంత్రం 5:30

వావ్ ఎందుకండీ, గిల్డ్ వార్స్ 2 కి రండి. 2012 లో వచ్చినప్పుడు గరిష్ఠ లెవెల్ 80, ఇన్ని ఎక్స్‌పాన్షన్ల తర్వాతా అదే 80. ఆ ఏడాది చివర్లో వచ్చిన అసెండెడ్ రకం గేర్‌ని (ఆయుధాలు, కవచాలు) దాటిన అంకెలు ఇప్పటికీ రాలేదు. నెలవారీ చందా లేదు. నేను రెండేళ్లు మానేసి వచ్చి, బీరువాలో దాచిన బట్టల్లా అదే కత్తి అదే కవచంతో నేరుగా ఆడాను. తిరిగి వెళ్లడానికి ఇంతకంటే మర్యాదైన ఆట లేదు.


నక్షత్రధూళి
శనివారం సాయంత్రం 6:02

అంతరిక్ష ఓడల ఆట ఈవ్ ఆన్‌లైన్ నుంచి పలకరింపులు. మాకు స్కిల్స్ గడియారంతో పెరుగుతాయి, ఆడినా ఆడకపోయినా. చందా కట్టి ఏడాదిగా ఓడ ఎక్కనివాళ్లు నాకు తెలుసు. మా దగ్గర ఆట మానేయడాన్ని "ఈవ్ గెలవడం" అంటారు. నేను మూడుసార్లు గెలిచాను.


పాత_ట్యాంకు
శనివారం సాయంత్రం 6:10

@గవ్వ అతన్ని పిలుస్తున్నది మనుషులు. మీరు వేరే ఇంటి అడ్రస్ ఇస్తున్నారు.


మౌనవ్రతం
శనివారం రాత్రి 10:33

సరదా థ్రెడ్‌లో నా మాట బరువుగా ఉంటుందేమో, మన్నించండి.

నేను వెళ్లను. ఎప్పటికీ. ఏ ఆట అన్నది చెప్పను, అనవసరం. చదువులో ఒక ఏడాది పోయింది. పోయిందని ఇంట్లో ఏడు నెలలు చెప్పలేదు. పొద్దున్నే సంచీ తగిలించుకుని బయల్దేరి, ఓ స్నేహితుడి గదికి వెళ్లి ఆడి, సాయంత్రం క్లాసుల నుంచి వచ్చినట్టు ఇంటికి వచ్చేవాణ్ణి. ఆ సంచీలో పుస్తకాలు అవే ఉండేవి, ఏడు నెలలూ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక ఐసీడీ 11 లో గేమింగ్ డిజార్డర్ అని ఉంది. 2019 లో ఆమోదించారు, 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. గంటల లెక్క అందులో లేదు, గమనించండి. మూడు గుర్తులు చెబుతారు. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముందుకు రావడం, నష్టం జరుగుతోందని తెలిసీ ఆపలేకపోవడం. అదీ మామూలుగా పన్నెండు నెలలైనా అలా సాగి, బతుకు దెబ్బతింటేనే. నాకు మూడూ సరిపోయాయి. అందుకే డాక్టర్ దగ్గరికి వెళ్లాను, మేలే జరిగింది.

మంత్రదండం గారు నాలా ఉన్నారని అనను. ఆయనంతట ఆయనే ఆపేయగలిగారు, అది పెద్ద తేడా. కానీ "ఒక్కసారి చూసొస్తా" అన్న మాట నాకు తెలుసు, లోపలి నుంచి తెలుసు.


చదరంగపు_గుర్రం
శనివారం రాత్రి 11:01

అబ్బా, ఆట ఆడాలా వద్దా అంటే జబ్బుల దాకా వెళ్లారు. సరదాగా ఆడుకునేవాణ్ణి భయపెట్టడం ఎందుకు?


పాత_ట్యాంకు
శనివారం రాత్రి 11:09

తమ్ముడూ, ఆయన ఎవర్నీ భయపెట్టలేదు. తన సంచీ సంగతి చెప్పాడు. ఆ పోస్ట్ రాయడానికి పడే కష్టం నువ్వు ఇప్పటిదాకా చేసిన రెయిడ్లన్నిటికంటే ఎక్కువ. ఇంకోసారి చదువు.


నిర్వాహకుడు
శనివారం రాత్రి 11:30

ఇక్కడితో ఆపండి. @మౌనవ్రతం, రాసినందుకు కృతజ్ఞతలు. ఈ థ్రెడ్ నడుస్తుంది, ఎత్తిపొడుపులు నడవవు.


మంత్రదండం
ఆదివారం ఉదయం 6:25

పాప లేవకముందే రాస్తున్నా.

@మౌనవ్రతం గారూ, మీ పోస్ట్ రెండుసార్లు చదివాను, రాత్రి మా ఆవిడకి కూడా చూపించాను. ఆవిడ ఒకటే అడిగింది. "అప్పట్లో నువ్వు రెయిడ్ లేని రోజు కూడా పదకొండింటికి ఫోన్ చూసుకునేవాడివి, దేనికి?" అని. నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఎవరైనా మెసేజ్ పెట్టారేమో అని. "హీలర్ కావాలి, రాగలవా" అని. ఎక్కువసార్లు ఉండేది కూడా.


ఎర్రపిట్ట
ఆదివారం ఉదయం 8:50

అయితే దొరికింది.

మీకు ఆట అలవాటు కాలేదండీ, మీరు లేకపోతే జరగదు అన్న మాట అలవాటైంది. హీలర్లందరికీ ఉండే తెగులే. నేనూ హీలర్‌నే, నన్ను చూసే చెబుతున్నా. పాత ట్యాంకు గారిలా ముందు నిలబడి దెబ్బలు కాచే ట్యాంకులు తప్పు చేస్తే పది మందికీ తెలుస్తుంది. మనకి అలా కాదు. బాగా చేస్తే ఎవరికీ తెలియదు. ఎవరి ప్రాణం గీతా కిందికి పడలేదు కాబట్టి ఎవరూ మనవైపు చూడరు. అందుకే "హీలర్ కావాలి" అన్న ముక్క మనకి బహుమతిలా వినిపిస్తుంది. ఇప్పుడు వచ్చిన మెసేజ్ మళ్లీ చదవండి. ఆయన "నువ్వు రా" అనలేదు, "హీలర్ ఒక్కడే ఉన్నాడు" అన్నాడు. సరిగ్గా ఎక్కడ నొక్కాలో తెలిసిన మనిషి.

చెడ్డ ఉద్దేశంతో అన్నాడని కాదు. పదేళ్లు కలిసి ఆడినవాడికి మీ స్విచ్ తెలియకుండా ఎలా ఉంటుంది?


లెక్కల_మనిషి
ఆదివారం ఉదయం 9:14

రిచర్డ్ బార్టిల్ 1996 లో ఆటగాళ్లని నాలుగు రకాలు చేశాడు. సాధించేవాళ్లు, తిరిగి చూసేవాళ్లు, జనంతో కలిసేవాళ్లు, జనాన్ని చంపేవాళ్లు. ఎమ్‌యూడీ అనే మొట్టమొదటి తరం ఆన్‌లైన్ ఆటని 1978 నుంచి నిర్మించిన ఇద్దరిలో ఒకడు, ఊరికే చెప్పింది కాదు. కానీ ఈ "నేను లేకపోతే ఎలా" రకానికి ఆయన గడి పెట్టలేదు. ఐదోది ఎర్రపిట్ట గారిది.


వెండివాన
ఆదివారం ఉదయం 11:40

రెండు రోజులుగా చదువుతున్నా. నా ఆట సిటీ ఆఫ్ హీరోస్. 2012 నవంబరు 30 న సర్వర్లు మూసేశారు. చివరి రాత్రి మేమంతా నగరం మధ్యలో చేరి, దీపాలు పట్టుకుని నిలబడ్డాం. తెర మీద "సర్వర్‌తో సంబంధం తెగింది" అని వచ్చేదాకా. ఆ తర్వాత ఏళ్ల తరబడి "వెళ్లాలా వద్దా" అనే ప్రశ్నే లేదు మాకు, వెళ్లడానికి చోటు లేదు కదా.

2019 లో అభిమానుల సర్వర్లు బయటికొచ్చాయి, 2024 జనవరిలో వాటిలో హోమ్‌కమింగ్ అనే సర్వర్ వాళ్లకి అధికారికంగా లైసెన్స్ ఇచ్చారు. ఇప్పుడు నా ఆట ఉంది. నేను వెళ్లాను. నగరం అచ్చం అలాగే ఉంది. చివరి రాత్రి నా పక్కన నిలబడ్డ ఇద్దరి పేర్లు గుర్తున్నాయి, వాళ్లు మాత్రం రాలేదు. వెతికాను.

మీ వాళ్లు పది మంది ఉన్నారు. పేరు పెట్టి పిలుస్తున్నారు. అది ప్రతి ఏడూ ఉండదు. ఇంతకుమించి నేను చెప్పేది లేదు.


మంత్రదండం
ఆదివారం మధ్యాహ్నం 2:15

@వెండివాన గారి పోస్ట్ చదివి కంప్యూటర్ ముందుకెళ్లి ఆట డౌన్‌లోడ్ పెట్టాను. వెళ్తానని కాదు. చందా లేకపోయినా క్యారెక్టర్లను చూసుకునే తెర దాకా వెళ్లొచ్చుగా, అక్కడి దాకానే.

ఈలోపు మామూలు వావ్ ఇప్పుడు ఆడుతున్నవాళ్లు ఎవరైనా చెప్పండి. ఆరేళ్లలో ఏం మారింది? నేను 120 లెవెల్లో వదిలేశాను.


తెల్లగుర్రపు_రౌతు
ఆదివారం సాయంత్రం 4:40

నేను ఆడుతున్నా, చెబుతా. ముందు భయపడకండి, మీ 120 ఇప్పుడు 50 అని కనిపిస్తుంది. 2020 అక్టోబరులో లెవెల్స్ నొక్కేశారు. 120 ఉన్నవాళ్లందరూ 50 అయ్యారు. 2024 ఆగస్టులో వచ్చిన ది వార్ వితిన్ ఎక్స్‌పాన్షన్‌తో గరిష్ఠం 80 కి వచ్చింది. 50 నుంచి పైకి రావడం కష్టం కాదు, కొన్ని సాయంత్రాల పని.

టాలెంట్లు (క్యారెక్టర్‌కి మనం ఎంచుకునే శక్తులు) పూర్తిగా వేరు. 2022 లో డ్రాగన్‌ఫ్లైట్ ఎక్స్‌పాన్షన్ అప్పుడు, వాటిని కొమ్మలు కొమ్మలుగా ఎంచుకునే పాత చెట్ల పద్ధతి తిరిగి తెచ్చారు. చెట్టులో తీసుకోకపోతే ఆ స్పెల్ మీ దగ్గర ఉండదు. కాబట్టి మీ స్పెల్ బటన్ల బార్ సగం ఖాళీగా, మాక్రోల మీద ఎర్ర ప్రశ్నార్థకాలతో పాడుబడ్డ ఇల్లులా ఉంటుంది. పాత క్వెస్ట్‌లన్నీ వదిలేయండి, బ్యాగులో ఏది దేనికో ఆలోచించకండి. బార్‌లు మొత్తం తుడిచేసి ఒక్కో స్పెల్ చదివి పెట్టుకోండి. తొందరపడితే నవ్వులపాలే.

మీ పరిస్థితికి పనికొచ్చే మాట ఒకటుంది. వారానికి మూడు రాత్రులు లేకుండా కూడా ఇప్పుడు ఆట నడుస్తుంది. డెల్వ్‌లని చిన్న సాహసయాత్రలు ఉన్నాయి, ఒక్కరి నుంచి ఐదుగురి దాకా వెళ్లొచ్చు, ఒంటరిగా వెళ్తే ఆట నడిపే పాత్ర ఒకటి తోడొస్తుంది. వాటి నుంచి కూడా వారానికోసారి తెరుచుకునే వాల్ట్ పెట్టెలో మంచి గేర్ వస్తుంది. డంజన్లలో ఫాలోయర్ పద్ధతి ఉంది, మిగతా నలుగురూ ఆట నడిపే పాత్రలే, మధ్యలో పాప ఏడిస్తే లేచి వెళ్లినా ఎవరూ తిట్టరు. మన క్యారెక్టర్లన్నిటినీ కలిపే వార్‌బ్యాండ్ వచ్చాక ఒక క్యారెక్టర్ సంపాదించినవి చాలావరకు మిగతావాటికీ చెందుతాయి. ఇక నార్మల్ రెయిడ్ పది నుంచి ముప్పై మందికి సర్దుకుంటుంది. పదకొండోవాడు రాకపోతే కొంప మునగదు. మీ రెయిడ్ లీడర్‌కి ఇది తెలుసు, మీకు చెప్పి ఉండడు.


మంత్రదండం
ఆదివారం రాత్రి 11:05

చూశాను.

క్యారెక్టర్ తెర మీద ఆవిడ అలాగే నిలబడి ఉంది, నా ప్రీస్ట్. పేరు బూడిద రంగులో, తాళం. ఒంటి మీద అవే బట్టలు. చివరి రాత్రి గేర్ మార్చే ఓపిక లేక అలాగే లాగౌట్ అయినట్టున్నా. పక్కన 50 అని ఉంది. కాస్త బాధేసింది, నవ్వూ వచ్చింది.

పది నిమిషాలు చూసి, ఒక నెలకి చందా కట్టాను. తిట్టేవాళ్లు తిట్టండి.

పోస్ట్‌బాక్స్ దగ్గరికెళ్లా. ఖాళీ. ఆటలో ఉత్తరాలు ముప్పై రోజులే ఉంటాయి కదా, మర్చిపోయా. ఎవరు ఏం పంపి ఉంటారో ఇక తెలియదు. తర్వాత ఫ్రెండ్స్ పట్టిక తెరిచాను. అందరూ ఆఫ్‌లైన్. కానీ అక్కడ ప్రతి పేరు పక్కన నోట్ రాసుకునే వీలుంటుంది, నేను రాసుకునేవాణ్ణని కూడా గుర్తు లేదు. ఒకరి పక్కన "గురువారం రాడు, చెల్లి పెళ్లి". ఇంకొకరి పక్కన "కొత్త ట్యాంక్, మెల్లగా చెప్పాలి". ఒకరి పక్కన "పరీక్షలు, మార్చి దాకా". ఏ మార్చో!

ఆ పరీక్షలవాడు ఇప్పుడు పిలిచిన పది మందిలో ఉన్నాడు. రెండో హీలర్ లేక అల్లాడుతున్న ఆ ఒక్క హీలర్ అతనే.


పాత_ట్యాంకు
ఆదివారం రాత్రి 11:12

ఇక నీకు ఓటింగ్ ఏం పెడతాం, పో. కానీ వెళ్లే ముందు రెయిడ్ లీడర్‌తో మాట తెగేసి చెప్పుకో. లోపలికెళ్లాక చెబుతా అనుకుంటే చెప్పలేవు. నువ్వు "సరే" అనే జాతి.


ఎర్రపిట్ట
ఆదివారం రాత్రి 11:20

పాత ట్యాంకు గారి మాటే నాదీ. ఇంకొకటి. "కుదిరితే వస్తా" అని చెప్పకండి. అది వినేవాళ్లకి "వస్తా" అనే వినిపిస్తుంది. ఏ రోజు, ఎన్నింటికి, ఎన్నింటి దాకా, ఏ రోజులు అడగకూడదు, అంతా అంకెల్లో చెప్పండి.


మౌనవ్రతం
సోమవారం ఉదయం 7:40

నెల చందా తనంతట తాను కొనసాగకుండా ఆపేశారా? కట్టిన రోజే ఆపేయండి. నెల అయ్యాక మళ్లీ కట్టాలంటే మీరు లేచి వెళ్లి కట్టాలి. ఆ ఒక్క అడ్డం చాలాసార్లు సాయపడుతుంది.

మీ నోట్స్ సంగతి బాగుంది. నిజంగానే అంటున్నా.


మంత్రదండం
సోమవారం ఉదయం 9:15

ఆపేశాను, @మౌనవ్రతం గారూ. ఇప్పుడే.

రెయిడ్ లీడర్‌కి రాశాను. "ఆదివారం ఒక్క రాత్రి. పది నుంచి పన్నెండు. పన్నెండుకి బాస్ ఒక్క శాతంలో ఉన్నా వెళ్లిపోతా. మిగతా రోజుల్లో హీలర్ కావాలని నన్ను అడగొద్దు, అడిగితే కాదనలేను." ఆ చివరి ముక్క మూడుసార్లు చెరిపి మళ్లీ రాశాను.

గంట తర్వాత జవాబు. "సరే. ఇది అప్పుడే చెప్పి ఉంటే ఆరేళ్లు పోయేవి కాదు కదరా."

దానికి ఇంకా ఏం రాయాలో తెలియలేదు.


చదరంగపు_గుర్రం
సోమవారం ఉదయం 10:30

@మౌనవ్రతం మొన్న తొందరపడ్డాను. సారీ అన్నా.


నక్షత్రధూళి
సోమవారం రాత్రి 8:00

ఈ థ్రెడ్ చదివి నేను కూడా లాగిన్ అయ్యా. ఓడ ఎక్కడ పార్క్ చేశానో గుర్తు లేక నలభై నిమిషాలు వెతికా. మళ్లీ గెలిచాను, నాలుగోసారి.


మంత్రదండం
తర్వాతి సోమవారం ఉదయం 6:50

ఇదిగో రిపోర్టు.

వారమంతా పాప పడుకున్నాక గంట చొప్పున లెవెల్ పెంచుకున్నా. ఫాలోయర్ డంజన్లలో ఆ కంప్యూటర్ ట్యాంక్ నన్ను ఒక్క మాట అనలేదు, నిద్రలో కూడా హీల్ చేయొచ్చు. అంతా వచ్చేసిందనుకున్నా. రౌతు గారు చెప్పినట్టు ఒక్కో స్పెల్ చదివి పెట్టుకోలేదు, అక్కడే చెడింది. శనివారం రాత్రి నిద్రమత్తులో బొమ్మలు చూసి గబగబా బార్ మీదికి లాగేశాను.

నిన్న పది గంటలు. వాయిస్‌లో చేరా. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పరీక్షలవాడు అన్నాడు, "అన్నా, మీ గొంతు లావైంది" అని. వాడికిప్పుడు ఇద్దరు పిల్లలట.

మొదటి బాస్. మూడు, రెండు, ఒకటి. ట్యాంక్ పరుగెత్తాడు, బాస్‌ని మా అందరికీ వీపు చూపేలా గోడ వైపు తిప్పి పెట్టాడు. వాడి ప్రాణం గీత సగానికి పడింది. పదేళ్ల అలవాటు, నా వేలు నాలుగో బటన్ మీదికి దానంతట అదే పోయింది. అక్కడ ఎప్పుడూ షీల్డ్ ఉండేది.

అక్కడ నేను పెట్టింది లీప్ ఆఫ్ ఫెయిత్. తెలియనివాళ్లకి చెబుతా. ఆ స్పెల్ వేస్తే ఎదుటివాడు గాల్లో ఎగిరి మన పక్కకొచ్చి పడతాడు. ట్యాంక్ వచ్చి నా కాళ్ల దగ్గర పడ్డాడు. వాడి వెనకే బాస్ తిరిగాడు, మా మొహాల మీదికి. ఒక్క ఊపిరికి పదకొండు మందిమీ నేల మీదే.

రెండు సెకన్లు నిశ్శబ్దం. తర్వాత రెయిడ్ లీడర్ మెల్లగా, "స్వాగతం" అన్నాడు. ఆ నవ్వులకి మా ఆవిడ లేచి వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

రెండు బాస్‌లు అయ్యాయి. మూడోవాడు నాలుగు శాతంలో ఉండగా మళ్లీ చచ్చాం, టైమ్ చూస్తే పదకొండు యాభై ఎనిమిది. "ఇంకొక్కసారి" అని ఎవరో అనబోయారు. రెయిడ్ లీడరే, "వాడికి టైమ్ అయింది, వచ్చే ఆదివారం" అన్నాడు. లాగౌట్ అయి, ఫోన్ వేరే గదిలో పెట్టి పడుకున్నా. నిద్ర మాత్రం వెంటనే పట్టలేదు, అబద్ధం ఎందుకు.


పాత_ట్యాంకు
తర్వాతి సోమవారం ఉదయం 7:05

ట్యాంకుల సంఘం తరఫున ఖండిస్తున్నాం. పది మంది గేర్ రిపేరు ఖర్చు ఎవరు పెట్టుకున్నారు?


మంత్రదండం
తర్వాతి సోమవారం ఉదయం 7:11

నేనే. ఆరేళ్ల కిందటి బంగారం అలాగే ఉంది.


తెల్లగుర్రపు_రౌతు
తర్వాతి సోమవారం ఉదయం 7:30

నాలుగో బటన్ మార్చారా?


మంత్రదండం
తర్వాతి సోమవారం ఉదయం 7:34

మార్చబోతే వద్దన్నారు. ట్యాంక్ తప్ప అందరూ.